మందు వేసుకుని బండెక్కే ముందు



మన తెలుగులో ‘మందు’ అనేది ఒక్కటే మాట. కానీ ఆ మాట కింద మూడు సీసాలున్నాయి. జ్వరం వస్తే వేసుకునేదీ మందే. సాయంత్రం బ్రాందీ షాపు దగ్గర తాగేదీ మందే. మిరప చేలో పురుగుకి కొట్టేదీ మందే. ‘వాడు మందు కొట్టి వచ్చాడు’ అని ఎవరైనా అంటే, చేలోంచి వచ్చాడా, బెల్టుషాపు నుంచి వచ్చాడా అని మా పల్నాడు పల్లెల్లో మళ్ళీ ఒకసారి అడగాల్సి వస్తుంది. ఈ మూడింటిలో తాగే మందు గురించి మందిరాల్లో ఎన్నో ప్రసంగాలు విన్నాం, మేమూ చేశాం. తాగి బండి నడపకూడదని సండే స్కూలు పిల్లలు కూడా చెబుతారు. మిగిలిన రెండు మందుల మాటేమిటి? వాటిని ఒంట్లోకి ఎక్కించుకుని హ్యాండిలు పట్టుకునే వాళ్ళ గురించి ఎవరూ మాట్లాడరు. ఈ వారం ఆ సంగతి మాట్లాడుకుందాం.

ఇది పాస్టరు మాట్లాడాల్సిన విషయమా అని కొందరికి అనిపించవచ్చు. మా సంఘంలో నలభై కుటుంబాల వరకూ ఉంటాయి. కార్లున్నది రెండిళ్ళకే. మిగతా వాళ్ళంతా ఆటోలు, ట్రాక్టర్లు, ఎక్సెల్ బళ్ళ మీద బతుకుతున్నవాళ్ళు. మిరప కోతల కాలంలో తెల్లవారుజామున నాలుగున్నరకే ఆటోలు బయల్దేరతాయి. ముగ్గురు కూర్చోవాల్సిన ఆటోలో పన్నెండు మంది అక్కచెల్లెళ్ళు, వాళ్ళ అన్నం క్యారేజీలు, నీళ్ళ టిక్కీలు. చాలామంది మా ఇంటి ముందు ఒక్క నిమిషం ఆపి, “అయ్యగారూ, ప్రార్థన చేయండి” అంటారు. మేమిద్దరం బయటికి వచ్చి ప్రార్థన చేస్తాం. రెండేళ్ళ నుంచి ప్రార్థన అయ్యాక డ్రైవరు తమ్ముణ్ణి ఒక మాట కూడా అడుగుతున్నాం: “రాత్రి గానీ ఇప్పుడు గానీ ఏమైనా బిళ్ళ వేసుకున్నావా నాన్నా?”

ఆ ప్రశ్న ఎందుకు మొదలైందో చెబుతాం.

మా సంఘంలో ఒక యౌవనస్థుడు ఆటో నడుపుతాడు. బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచి చుక్క ముట్టనివాడు. ఒక జనవరిలో మిరప ఘాటుకి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. రాత్రి ఆర్‌ఎంపీ దగ్గరికి వెళితే దురదకి సూది వేసి, రెండు రోజులకి బిళ్ళలిచ్చాడు. తెల్లారి లేచి ఇంకో బిళ్ళ వేసుకుని కూలీలను ఎక్కించుకున్నాడు. కాలువ కట్ట మీద మలుపు దగ్గర ఆటో తిరగలేదు. నేరుగా వెళ్ళి బోర్లాపడింది. కాలువలో నీళ్ళు లేవు కాబట్టి ప్రాణాలు మిగిలాయి. ఒక సహోదరికి మాత్రం కుడి మోచెయ్యి నుజ్జయింది.

పోలీసులు వచ్చి గొట్టం ఊదించారు. సున్నా వచ్చింది. అయినా ఊళ్ళో సగం మంది “తాగే ఉంటాడు” అన్నారు. అతను ఆసుపత్రి వరండాలో కూర్చుని మాతో చెప్పింది ఒక్కటే మాట: “అమ్మగారూ, నేను నిద్రపోలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. మలుపు కనబడింది. చెయ్యి తిప్పాలన్న సంగతే ఆలస్యంగా తోచింది.” చెయ్యి విరిగిన ఆ సహోదరి మంచం మీద నుంచి అన్న మాట మేమింకా మరచిపోలేదు: “తాగి ఉంటే తిట్టేదాన్ని అయ్యగారూ. బిళ్ళ వేసుకున్నోణ్ణి ఏమని తిట్టను?” ఆ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా ముడవదు. కాయ కోతకి వెళ్ళలేదు. ఇంట్లో కూర్చుని తొడిమలు తీస్తుంది, దానికి వచ్చే కూలి సగం కూడా ఉండదు.

ఆమె అడిగిన దానికి జవాబు వెతుక్కుంటూ తెలిసిన డాక్టర్లనూ, మందుల షాపు వాళ్ళనూ అడిగాం, చదివాం. తెలిసింది మీ ముందు పెడుతున్నాం.

మన ఒంట్లో హిస్టమిన్ అనే పదార్థం ఉంటుంది. చర్మంలో అది దురద పుట్టిస్తుంది, ముక్కులో నీళ్ళు కారుస్తుంది. అదే హిస్టమిన్ మెదడులో మనల్ని మెలకువగా ఉంచుతుంది. దురద సూదుల్లో ఉండే ఫెనిరమిన్, జలుబు బిళ్ళల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, కొన్ని దగ్గు సిరప్‌లలో ఉండే డైఫెన్‌హైడ్రమిన్ పాత తరం మందులు. అవి చర్మం దగ్గరే ఆగవు, మెదడులోకీ వెళతాయి. దురద తగ్గించే చెయ్యే మెలకువ దీపాన్ని కూడా తగ్గిస్తుంది. తరువాత వచ్చిన ఫెక్సోఫెనడిన్ లాంటివి మెదడులోకి దాదాపు వెళ్ళవు. మనందరికీ తెలిసిన సెట్రిజిన్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. చాలామందికి ఏమీ కాదు, కొందరికి మాత్రం కళ్ళు మూతలు పడతాయి.

అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం వాళ్ళు దీన్ని పరీక్ష చేసి 2000లో ప్రచురించారు. 40 మంది డ్రైవర్లను అచ్చం కారులా ఉండే యంత్రంలో కూర్చోబెట్టి, ఒకసారి డైఫెన్‌హైడ్రమిన్, ఒకసారి ఫెక్సోఫెనడిన్, ఒకసారి సారా, ఒకసారి ఏమీ లేని ఉత్త బిళ్ళ ఇచ్చి నడిపించారు. ఫెక్సోఫెనడిన్ వేసుకున్నప్పుడు ఉత్త బిళ్ళ వేసుకున్నట్టే నడిపారు. డైఫెన్‌హైడ్రమిన్ వేసుకున్నప్పుడు మాత్రం తాగినప్పటికంటే అధ్వానంగా నడిపారు. మాకు అంతకంటే ముఖ్యంగా తోచింది ఇంకొకటి: ‘నాకు మత్తుగా ఉంది’, ‘నాకు లేదు’ అని వాళ్ళు చెప్పుకున్నదానికీ, బండి నడిపిన తీరుకీ సరిగ్గా పొంతన లేదు. అంటే మత్తు మనకు చెప్పి రాదు. మా తమ్ముడు ఆసుపత్రి వరండాలో చెప్పింది అక్షరాలా నిజం. అతను నిద్రపోలేదు. ‘నాకేం కాలేదు, బాగానే ఉన్నా’ అనే మాట మీద పన్నెండు మంది ప్రాణాలు పెట్టకూడదని అప్పుడు అర్థమైంది.

దురద బిళ్ళతోనే ఇది ఆగదు. మా సంఘంలో ఇళ్ళల్లో ఉన్న బిళ్ళల డబ్బాలు తలుచుకుంటేనే పెద్ద జాబితా అవుతుంది. నిద్రకీ, గుండె దడకీ వాడే అల్ప్రజోలం, డయాజిపం, క్లోనజిపం. షుగరు వల్ల కాళ్ళ మంటలకి రాసే ప్రిగాబలిన్. నడుం నొప్పికి ఇచ్చే ట్రమడాల్. మనసు బాగోనప్పుడూ, నరాల నొప్పికీ ఇచ్చే అమిట్రిప్టిలిన్. ఇవన్నీ మెదడు వేగాన్ని తగ్గించేవే. రాత్రి వేసుకున్న బిళ్ళ పొద్దుటికి దిగిపోతుందని మనం అనుకుంటాం. జోల్పిడెం అనే నిద్ర బిళ్ళ విషయంలో 2013లో అమెరికా మందుల శాఖ ఆడవాళ్ళ మోతాదును 10 మిల్లీగ్రాముల నుంచి 5కి తగ్గించమంది. ఆడవాళ్ళ ఒంట్లో ఆ మందు నెమ్మదిగా తగ్గుతుంది కాబట్టి, తెల్లారి కారు నడిపే వేళకి కూడా ఇంకా మిగిలి ఉంటుందని తేలింది. రాత్రి మందుకి తెల్లారాక కూడా లెక్క చెప్పాల్సి ఉంటుందన్న మాట.

బీపీ బిళ్ళ మొదలుపెట్టిన రోజుల్లో, లేదా మోతాదు పెంచిన రోజుల్లో లేచి నిలబడితే కళ్ళు తిరుగుతాయి. కంటి శిబిరంలో చుక్కలు వేసి పాపను పెద్దది చేస్తారు. కొన్ని గంటల పాటు ఎదురుగా వచ్చే లారీ కూడా వెలుగు ముద్దలా కనిపిస్తుంది. అయినా చుక్కలు వేయించుకున్న తాతయ్యే ఎక్సెల్ మీద నాయనమ్మను వెనక కూర్చోబెట్టుకుని ఇంటికి రావడం మేము చూశాం. శిబిరానికి వెళ్ళేటప్పుడే బండి నడిపే మనవణ్ణి వెంట పెట్టుకుని వెళ్ళండి.

ఇప్పుడు మన కూడికల దగ్గరికి వద్దాం. మా దగ్గర శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంటుంది. గ్లిమిపిరైడ్ లాంటి షుగరు బిళ్ళలు వేసుకునేవాళ్ళు, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు పొద్దున మందు తీసుకుని, అన్నం మానేసి, మధ్యాహ్నం బండెక్కితే ఏమవుతుందో ఆలోచించండి. మందు తన పని తాను చేస్తూనే ఉంటుంది. తగ్గించడానికి చక్కెర మాత్రం కడుపులో లేదు. రక్తంలో చక్కెర 70 కంటే కిందికి పడితే చెమటలు, వణుకు, దడ, తరువాత తికమక. తికమకలో ఉన్నవాడికి తాను తికమకలో ఉన్నానని తెలియదు. అందుకే మా సంఘంలో షుగరు మందులు వాడేవాళ్ళు డాక్టరుతో మాట్లాడకుండా ఉపవాసం ఉండకూడదని చెప్పాం. దేవుడు వాళ్ళ ప్రార్థన వినడానికి వాళ్ళ కడుపు ఖాళీగా ఉండనక్కర్లేదు. మందిరం వెనక బల్ల మీద చక్కెర డబ్బా, బిస్కెట్లు ఉంటాయి. దారిలో ఒళ్ళు తేడాగా అనిపిస్తే బండి పక్కకి ఆపి, మూడు నాలుగు చెంచాల చక్కెర నోట్లో వేసుకోవాలి. తేరుకున్నాక కూడా వెంటనే స్టార్టు చేయకూడదు. బ్రిటన్‌లో ఇన్సులిన్ వాడే డ్రైవర్లకు ఇచ్చే సూచన ఇది: బండెక్కే ముందు చక్కెర చూసుకోవాలి, 90 కంటే తక్కువుంటే ఏదైనా తిని మొదలుపెట్టాలి, దూర ప్రయాణంలో రెండు గంటలకోసారి చూసుకోవాలి. పడిపోయిన చక్కెర మామూలుకి వచ్చాక ఇంకా 45 నిమిషాలు ఆగాలి. మెదడు తేరుకోవడానికి అంత సమయం పడుతుంది.

ఇక చేలో కొట్టే మందు. మా రైతులు మిరపకీ పత్తికీ కొట్టే వాటిలో మోనోక్రోటోఫాస్ లాంటి మందులు పురుగు నరాలను దెబ్బతీసి చంపుతాయి. మన నరాలు కూడా అదే పద్ధతిలో పనిచేస్తాయి. చొక్కా తడిస్తే చాలు, చర్మంలోంచి లోపలికి పోతుంది. తలనొప్పి, చెమటలు, నోట్లో నీళ్ళూరడం, కడుపులో తిప్పడం, కంటిపాప సూదిమొనలా చిన్నదైపోయి చూపు మసకబారడం దాని గుర్తులు. అలాంటి చూపుతో, మునిమాపు వేళ, భుజాన స్ప్రేయరు, వెనక సీటు మీద తమ్ముడు, అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీద లారీల మధ్య ఇంటికి వస్తారు. ‘ఎండ దెబ్బ’ అనుకుని మజ్జిగ తాగి మళ్ళీ బండెక్కుతారు. మందు కొట్టిన రోజు చేలోనే బట్టలు మార్చుకుని, సబ్బుతో ఒళ్ళు కడుక్కుని బయల్దేరండి. పైన చెప్పిన గుర్తుల్లో ఏది కనిపించినా బండి ముట్టుకోవద్దు. వేరే మనిషి నడిపే బండిలో ఆసుపత్రికి వెళ్ళండి. మందు డబ్బా మీది పేరు డాక్టరుకి చూపించండి.

తాగే మందు గురించి మీకు కొత్తగా చెప్పేది తక్కువ. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకూ జైలు, లేదా రెండూ. చాలామందికి తెలియనిది ఏమిటంటే, అదే సెక్షన్‌లో మత్తు ఇచ్చే ఇతర పదార్థాల మాట కూడా ఉంది. ఒంట్లో బాగోక ఇతరులకు ప్రమాదమయ్యే స్థితిలో నడపడం గురించి 186వ సెక్షన్ ఉంది. కృష్ణ దాటి తెలంగాణ వైపు వెళితే కల్లులో అల్ప్రజోలం, డయాజిపం, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మిన కేసులు ఎన్నో ఉన్నాయి. ‘కల్లే కదా’ అని తాగినవాడు తనకు తెలియకుండానే నిద్ర బిళ్ళలు మింగినట్టే. సారా, బిళ్ళ రెండూ కలిస్తే ఒకటీ ఒకటీ రెండు కాదు, అంతకంటే ఎక్కువ. నిమ్మకాయ, మజ్జిగ, చన్నీళ్ళ స్నానం ఏవీ దాన్ని దించలేవు. సమయమే దించుతుంది.

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ నివేదిక చెబుతోంది. వాళ్ళలో ఎందరి వెనక ఒక జలుబు బిళ్ళ ఉందో ఎవరూ లెక్కపెట్టలేదు. గొట్టం సారాను పట్టుకుంటుంది, బిళ్ళను పట్టుకోదు.

ఈ మాటలన్నీ ఒక ఆదివారం చెప్పినప్పుడు సంఘ పెద్ద ఒకాయన లేచి సూటిగా అడిగారు: “అయ్యగారూ, ప్రార్థన చేసి పంపిస్తున్నాం కదా. మళ్ళీ బిళ్ళల విచారణ ఎందుకు? నమ్మకం తగ్గిందా?” ఆయన గౌరవించదగిన మనిషి, ప్రశ్న కూడా మంచిదే. జవాబుగా ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం తీసి చూపించాం. కొత్త ఇల్లు కట్టేవాడు మేడ చుట్టూ పిట్టగోడ కట్టాలని అక్కడ ఆజ్ఞ ఉంది. ఎవరైనా జారి పడితే ఆ రక్తం ఇంటివాడి మీదికి వస్తుందట. పడినవాణ్ణి ఇంటివాడు తొయ్యలేదు. వాడికి ఎవరి మీదా పగ లేదు. అయినా గోడ కట్టనందుకు లెక్క అతనే చెప్పాలి. గోడ కట్టినవాడికి దేవుని మీద నమ్మకం తగ్గిందని ఎవరూ అనలేదు. చెయ్యి విరిగిన మా సహోదరి అడిగిన దానికి మాకు దొరికిన జవాబు కూడా అక్కడే ఉంది. బిళ్ళ వేసుకున్న ఆ తమ్ముణ్ణి తిట్టడానికి ఏమీ లేదు. గోడ లేని మేడ మీద అతన్ని అందరం నిలబెట్టాం. సూది వేసినతను చెప్పలేదు, షాపులో చెప్పలేదు, షీటు మీద అక్షరాలు చీమల్లా ఇంగ్లీషులో ఉన్నాయి. ఫ్రాన్సులో మందు డబ్బాల మీద కారు బొమ్మ వేస్తారు. పసుపు రంగుంటే జాగ్రత్త, నారింజ రంగుంటే అడిగి నడుపు, ఎరుపుంటే నడపకు. చదువు రానివాడికి కూడా తెలిసే గోడ అది.

మన దగ్గర ఆ బొమ్మ లేదు కాబట్టి మనమే అడగాలి. మందు చేతికి వచ్చినప్పుడు డాక్టరునో షాపు వాళ్ళనో నాలుగు మాటలు అడగండి. నేను బండి నడుపుతాను, దీనికి మత్తు వస్తుందా? ఎంతసేపు ఉంటుంది? మత్తు రాని రకం ఉందా? నేను వాడే మిగతా మందులతో పడుతుందా? ‘బండి నడుపుతాను’ అన్న మాట ముందుగా చెప్పడం ముఖ్యం. కొత్త మందును వీలైతే పని లేని రోజు సాయంత్రం మొదలుపెట్టి, ఒళ్ళు ఎలా తీసుకుంటుందో చూసుకోండి.

ఇది చదివి భయపడి ఎవరూ మందు మానేయకండి. ఫిట్స్ బిళ్ళ మానేసి బండెక్కినవాడు, వేసుకుని ఎక్కినవాడికంటే పెద్ద ప్రమాదంలో ఉంటాడు. షుగరు, బీపీ, మానసిక వైద్యం బిళ్ళలు కూడా అంతే. మానాల్సింది మందును కాదు, ఆ పూట బండిని. ఫిట్స్ ఉన్నవాళ్ళు అసలు ఎప్పుడు నడపవచ్చో డాక్టరుతోనే తేల్చుకోవాలి.

బండి మానేస్తే ఆ రోజు కూలి ఎవరిస్తారు? ఆటో కంతు ఆగదు కదా. మా దగ్గర అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఇదే. లైసెన్సున్న నలుగురు తమ్ముళ్ళు ఒక మాట అనుకున్నారు. ఒకరికి ఒంట్లో బాగోక మందులో ఉంటే, రెండో వాడు ఆ ఆటో నడిపి వచ్చిన దానిలో సగం ఇంటికి ఇస్తాడు. ఎవరూ దొరకని రోజు స్త్రీల సమాజం వాళ్ళ పిడికెడు బియ్యం డబ్బుల్లోంచి కొంత ఇస్తారు. చాలదు, నిజమే. కొన్ని రోజులు ఆటో కదలకుండా ఉంటుంది, కూలీలు తిట్టుకుంటూ వెనక్కి వెళతారు. ఆ తిట్లలో మాకూ వాటా ఉంటుంది. పడతాం.

ఇంకో సంగతి. మొదట్లో మా ప్రశ్న నలుగురిలో అడిగేవాళ్ళం. ఒక సహోదరుడు సాయంత్రం ఒంటరిగా వచ్చి, తాను చాలా కాలంగా మనసుకి సంబంధించిన బిళ్ళ వాడుతున్నానని, అందరిలో చెప్పలేనని అన్నాడు. అప్పటి నుంచి డ్రైవరు దగ్గరికి నడిచి వెళ్ళి, చెవిలో అడుగుతున్నాం. ఏ బిళ్ళో చెప్పనక్కర్లేదు. ‘ఈ పూట నడపగలను’, ‘నడపలేను’ అంటే చాలు. సిగ్గుపెడితే మనిషి దాస్తాడు. దాచిన బిళ్ళ ఆటోలో అందరితో కలిసి ప్రయాణం చేస్తుంది.

చివరిగా మా రాత్రి ప్రార్థనల మాట. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో త్రోయలో పౌలు ప్రసంగం అర్ధరాత్రి దాకా సాగింది. ఐతుకు అనే కుర్రాడు కిటికీలో కూర్చుని నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. ప్రసంగం చేసినవాడు పౌలే అయినా నిద్ర నిద్రే. ఆ కుర్రాణ్ణి నిద్రపోయినందుకు అక్కడ ఎవరూ మందలించలేదు. పౌలు కిందికి దిగి వెళ్ళాడు. మా మందిరంలో ఇప్పుడు రాత్రి ప్రార్థన అయ్యాక చాపలు పరుస్తాం. మందులు వాడేవాళ్ళు, దూరం నుంచి వచ్చినవాళ్ళు తెల్లారేదాకా పడుకుని, టీ తాగి వెళతారు. బండి తాళాలు బల్ల మీద పళ్ళెంలో పెడతారు. కానుకల పళ్ళెం పక్కనే ఆ పళ్ళెం కూడా ఉంటుంది.

ఈ రాత్రి మీ ఇంట్లో బిళ్ళల డబ్బా ఒకసారి తెరవండి. ఎవరి బిళ్ళ ఏదో, వాళ్ళలో ఎవరు బండి నడుపుతారో చూడండి. రేపు పొద్దున వాళ్ళ వెనక ఎవరు కూర్చుంటారో తలుచుకోండి. వాళ్ళ కోసం ప్రార్థన చేయండి, చేసి లేచాక వాళ్ళను అడగండి.

రోడ్ల మీద ఉన్న మన పిల్లలను ప్రభువు కాపాడును గాక. ఆమేన్.